పర్మిట్ మీద సంతకం

ఉక్కు కర్మాగారంలో గ్యాస్ పైపు మీద పని మొదలుపెట్టాలంటే ముందు ఒక కాగితం పుట్టాలి. దాన్ని పర్మిట్ అంటారు. ఏ లైను, ఏ వాల్వు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా పని, గ్యాస్ ఆపిందెవరు, ఆగిందని మీటరు పెట్టి చూసిందెవరు, పని జరుగుతున్నంతసేపూ పక్కన నిలబడేదెవరు అన్నవన్నీ అందులో రాస్తారు. ఎవరి మాట కింద వాళ్ళు సంతకం పెడతారు. ఆ సంతకాలు పడేదాకా ఫిట్టరు పానా పట్టుకోకూడదు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయ్‌లో, ఖుర్సీపార్ బస్తీలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రెండు మూడు తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ప్లాంటుతో సంబంధం లేని ఇల్లు అరుదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఈ బస్తీలు షిఫ్టుల లెక్కనే బతికాయి. ఇంట్లో ఒకరు ప్లాంటు ఉద్యోగి అయితే ఇంకొకరు ఠేకాదారు కింద కూలీ. కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కు రంగూ వాసనా ఉండవని, అది మనిషిని చెప్పి చంపదని ఈ ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అంత కట్టుదిట్టం ఉన్నా ప్రాణాలు పోయాయి. 2014 జూన్ 12న పంప్‌హౌస్‌లో నీటి పైపు దెబ్బతిని పీడనం పడిపోయింది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ రాకూడని దారిన వచ్చి ఆరుగురిని బలితీసుకుంది. వాళ్ళలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపు మీద మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచాయి. ఆ ఒక్కరోజే తొమ్మిది మంది చనిపోయారు, తర్వాత ఆ సంఖ్య పెరిగింది. మంటలు రాకుండా చూడటానికి పక్కన నిలబడ్డ ఫైర్ సిబ్బంది కూడా మృతుల్లో ఉన్నారు. ప్లాంటు సీఈఓను పదవి నుంచి తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. అది సరిపోయిందా లేదా అన్న వాదన అలా ఉంచుదాం. ఇంత ఘోరం జరిగాక ఎవరిని అడగాలో, ఏ కాగితం తీసి చూడాలో అక్కడ తెలుసు. 'నాకు సంబంధం లేదు, నేను పానా తిప్పానంతే' అంటే ఆ మాట అంత సులువుగా చెల్లదు. 'పైవాడు తిప్పమన్నాడు' అంటే ఆ పైవాడి పేరు కూడా కాగితం మీద ఉంటుంది.

ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలు ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్, బెంగళూరు, పుణె చేరారు. వాళ్ళ పనిలో గ్యాస్ లేదు, నిప్పు లేదు, హెల్మెట్ అక్కర్లేదు. తెర మీద ఒక టికెట్ వస్తుంది, దానికి కోడ్ రాస్తారు, ఇంకొకరు చూసి అప్రూవ్ అని ఒక బటన్ నొక్కుతారు, అర్ధరాత్రి అది ఎక్కడో సర్వర్‌లోకి చేరుతుంది. కోడ్ నడుస్తుందా లేదా అని చూసేవాళ్ళు ఉన్నారు. అది నడిస్తే ఎవరికి దెబ్బ తగులుతుంది అన్న గడి మాత్రం ఆ తెర మీద సాధారణంగా ఉండదు. సాంకేతిక రంగంలో పనిచేసేవాళ్ళ నైతిక బాధ్యత అనగానే చాలామంది వ్యక్తి మంచితనం గురించి మాట్లాడతారు. నా వాదన అంతకంటే చిన్నది, కానీ గట్టిది. యంత్రంలో లోపం ఎవరికి తెలుసో, దాన్ని నడపకముందే రాతపూర్వకంగా చెప్పే బాధ్యత వాళ్ళది. చెప్పింది విని జవాబు రాయాల్సిన బాధ్యత పైవాళ్ళది. ఉక్కు తయారుచేసే చోట మామూలైపోయిన ఈ పద్ధతి, మనుషుల అన్నం, జీతం, పింఛను తేల్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోట ఎందుకు ఉండకూడదు?

సాఫ్ట్‌వేర్ మనుషుల అన్నం ఎలా తేలుస్తుందో తెలియాలంటే తెలంగాణలోని 'సమగ్ర వేదిక' సంగతి చూడాలి. వివిధ ప్రభుత్వ శాఖల దగ్గర విడివిడిగా ఉన్న వివరాలను, అంటే వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు, రేషన్ కార్డులు వగైరాలను, ఒకచోటికి చేర్చి, ఫలానా రికార్డులోని మనిషీ ఫలానా రికార్డులోని మనిషీ ఒక్కరేనని తేల్చే వ్యవస్థ అది. కారున్నవాళ్ళు పేదల బియ్యం తీసుకుంటున్నారా అన్నది అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ప్రశ్నలో తప్పేమీ లేదు. 2014కూ 2019కీ మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. కొత్తగా పెట్టుకున్న దరఖాస్తుల్లో లక్షా 42 వేలు తిరస్కరణకు గురయ్యాయి. ముందుగా నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసిన మనిషి లేడు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబం ఇలాగే కార్డు పోగొట్టుకుంది. ఆయన పేరుకు దగ్గరగా ఉన్న పేరుతో ఇంకెవరికో కారు ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని యంత్రం అనుకుంది. రిక్షా తొక్కే మనిషి రికార్డుల్లో కారు యజమాని అయ్యాడు. ఆయన పోయాక, ఆ కారు మాది కాదని రుజువు చేసుకునే భారం భార్య మీద పడింది. లేనిది లేదని ఎవరైనా ఏ కాగితంతో రుజువు చేస్తారు?

ఈ తప్పు ఎలా జరుగుతుందో ఖుర్సీపార్ తెలుగువాళ్ళ పేర్లతోనే చూడొచ్చు. మన ఊళ్ళల్లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. హిందీ రాష్ట్రంలో ఫారం మీద సర్‌నేమ్ గడి చివర ఉంటుంది. దాంతో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముడుచుకుపోయి, పేరు చివరి ముక్క సర్‌నేమ్ అయి కూర్చుంటుంది. ఈశ్వరరావుకూ తాతారావుకూ అప్పారావుకూ ఏ చుట్టరికమూ లేకపోయినా కాగితం మీద అందరూ రావులే. హిందీలో రాసుకున్న పేరును ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అప్పారావు ఒక రికార్డులో ఒకే ముక్క, ఇంకో రికార్డులో రెండు ముక్కలు. గుమాస్తా తొందరలో ఉంటే అప్పలరావు కూడా అప్పారావే. ఇక తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం చూద్దామంటే, ఒక తరం వాళ్ళకు చాలామందికి పుట్టినరోజు జూలై ఒకటే, బడిలో చేర్చినప్పుడు పంతులుగారు వేసింది. ఇలాంటి రెండు రికార్డులను పక్కపక్కన పెట్టినప్పుడు కంప్యూటర్ అవునని గానీ కాదని గానీ చెప్పదు. నూటికి ఇన్ని మార్కులు అని పోలిక చెబుతుంది. ఎన్ని మార్కులు దాటితే ఇద్దరూ ఒకరే అనుకోవాలన్నది మనిషి పెట్టే గీత. గీత కిందికి దించితే దొరికే 'అనర్హుల' సంఖ్య పెరుగుతుంది, మీటింగులో చూపించడానికి బాగుంటుంది. పైకి జరిపితే అమాయకులు బతుకుతారు, కానీ కొందరు నిజమైన అనర్హులు తప్పించుకుంటారు. ఆ గీత ఎక్కడ పెడితే ఎందరు అమాయకులు చిక్కుతారో నమూనా తీసి లెక్క కట్టగలిగినవాడు, దాన్ని తయారుచేసిన ఇంజినీరు. మంత్రికి తెలియకపోవచ్చు, కలెక్టరుకు తెలియకపోవచ్చు, రేషన్ డీలరుకు అసలే తెలియదు. అతనికి తెలుస్తుంది, లేదా తెలుసుకునే వీలుంది. అందుకే పర్మిట్‌లో మీటరు చూసినవాడి సంతకం ఉన్నట్టే ఇక్కడ అతని సంతకం ఉండాలంటున్నాను. 'ఈ పోలిక ఇంత శాతం తప్పవుతుంది, కాబట్టి దీన్ని చూసి నేరుగా కార్డు కొట్టేయకండి, ఇంటికి మనిషిని పంపండి' అన్న రెండు వాక్యాలు చాలు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం అందరికీ తెలిసిందే. 'నేను చిన్న ఉద్యోగిని. చెప్పింది చేస్తాను. తప్పయితే చెప్పినవాళ్ళది.' ఈ మాట న్యాయస్థానంలో ఎంతవరకు నిలుస్తుందో మన హైదరాబాదే చూపించింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు బయటపెట్టిన లేఖ ప్రకారం, బ్యాలెన్స్ షీటులో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. అంత డబ్బు ఉన్నట్టు కనిపించడానికి దొంగ ఇన్వాయిస్‌లు కావాలి. దర్యాప్తులో 7,561 తేలాయి. కంపెనీ సొంత ఇన్వాయిస్ వ్యవస్థలోనే, కొన్ని బిల్లులు కొందరికి కనిపించకుండా దాచే ఏర్పాటు ఉందని బయటపడింది. అలాంటి ఏర్పాటు దానంతటది పుట్టదు, ఎవరో కూర్చుని చేయాలి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం పది మందిని దోషులుగా తేల్చింది. రాజు, ఆయన తమ్ముళ్ళు, ఆడిటర్లతో పాటు ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ముగ్గురు ఉద్యోగులు కూడా ఆ పది మందిలో ఉన్నారు. తర్వాత అప్పీలులో శిక్షలు నిలుపుదల అయ్యాయి, అది వేరే విషయం. పైవాళ్ళు చెప్పారన్న మాట ఆ ముగ్గురినీ ఆ రోజు కాపాడలేదు. అమెరికాలో ఫోక్స్‌వాగన్ కేసూ ఇలాంటిదే. కాలుష్య పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే కారు పొగ తగ్గించేలా సాఫ్ట్‌వేర్ చేయడంలో పాలుపంచుకున్న ఇంజినీరు జేమ్స్ లియాంగ్‌కు 2017 ఆగస్టులో 40 నెలల జైలు, రెండు లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన కంపెనీ యజమాని కాడు, పెద్ద పదవిలోనూ లేడు.

అయితే ఈ అభ్యంతరంలోనే ఇంకో బలమైన మాట దాగి ఉంది, దాన్ని తోసేయలేం. కిందివాడి మీద బాధ్యత పెట్టడమంటే పైవాడు తప్పుకోవడానికి దారి ఇవ్వడమేనని చాలామంది అనుభవం. బోయింగ్ 737 మాక్స్ విమానాలు 2018 అక్టోబర్‌లో ఒకటి, 2019 మార్చిలో ఒకటి కూలి 346 మంది చనిపోయారు. ఆ కేసులో క్రిమినల్ విచారణ ఎదుర్కొన్న వ్యక్తి ఒకే ఒక్కడు, కంపెనీలో పనిచేసిన ఒక టెక్నికల్ పైలట్. 2022 మార్చిలో జ్యూరీ ఆయన నిర్దోషి అంది. అంత పెద్ద కంపెనీ నిర్ణయాలకు ఒక్క మనిషిని బోనులో నిలబెట్టడం ఆ జ్యూరీకి నచ్చలేదని నాకనిపిస్తుంది. భిలాయ్‌లో ప్రతి ప్రమాదం తర్వాతా యూనియన్లు అడిగేదీ ఇదే. సిబ్బందిని తగ్గించిందెవరు, పాత పైపు మార్చకుండా నెట్టుకొచ్చిందెవరు, షట్‌డౌన్ టైము కుదించిందెవరు? ఇవి న్యాయమైన ప్రశ్నలు. వీటికి జవాబు దొరకాలంటే కింది మనిషి మౌనంగా ఉండటం పనికిరాదు, అతని మాట కాగితం మీద ఉండాలి. 'పైపు పాతబడింది, మార్చాలి' అని కిందివాడు రాసిపెట్టిన కాగితమే పైవాడిని పట్టుకుంటుంది. అది లేనప్పుడు ఇద్దరూ తెలియదంటారు, దొరికినవాడు బలవుతాడు. సంతకం భారమే, కాదనను. అదే కిందివాడికి కవచం కూడా.

రెండో అభ్యంతరం ఈఎంఐలది: 'నోరు విప్పి ఉద్యోగం పోతే అప్పులు ఎవరు కడతారు?' ఇది కుంటిసాకు అనడం తేలిక. ఖుర్సీపార్ లాంటి చోట ఒక పిల్లవాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడంటే ఆ జీతం మీద చదువు అప్పు, చెల్లెలి పెళ్ళి, తండ్రి రిటైరయ్యాక ప్లాంటు క్వార్టర్ ఖాళీ చేసి కట్టుకున్న ఇల్లు అన్నీ ఆధారపడి ఉంటాయి. వీసా మీద అమెరికాలో ఉన్నవాడికైతే ఉద్యోగం పోతే దేశమే పోతుంది. ఒంటరిగా నోరు విప్పమని అలాంటి మనిషికి చెప్పడానికి నాకు మనసొప్పదు. చట్టం కూడా అతని వెనక లేదు. అవినీతి గురించి చెప్పేవాళ్ళకు రక్షణ ఇచ్చే చట్టాన్ని 2014లోనే పార్లమెంటు ఆమోదించినా, దాన్ని అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ ఏళ్ళు గడిచినా రాలేదు. వచ్చినా అది ప్రభుత్వోద్యోగుల తప్పులకు సంబంధించింది, ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి ఒరిగేది తక్కువ. కంపెనీల చట్టం 2013 ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదుల ఏర్పాటు ఉండాలి. ఆ ఫిర్యాదు ఎవరి చేతికి పోతుందన్నదే అసలు ప్రశ్న. సత్యంలో 2008 డిసెంబర్‌లో జోసెఫ్ అబ్రహాం అన్న మారుపేరుతో ఎవరో ఒక ఈమెయిల్ రాశారు. బోర్డులో డైరెక్టరుగా ఉన్న హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపుకు అది చేరింది. ఆయన దాన్ని ఆడిట్ కమిటీ అధ్యక్షుడికీ, కంపెనీ ఆడిటరుకూ పంపారు. ఆ ఆడిటరు కూడా 2015లో దోషులుగా తేలిన పది మందిలో ఒకరు. సత్యం చెప్పుకున్న లెక్కలో 53 వేల మంది పనిచేసే కంపెనీలో, నిజం తెలిసిన మనిషికి సొంత పేరు రాసే ధైర్యం లేకపోయింది. రాసింది చేరిన చోటు చూస్తే ఆ భయాన్ని తప్పుపట్టలేం.

కాబట్టి ఒంటరిగా కుదరనిది కలిసి చేయాలి. ఈ పాఠం కోసం కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు, దల్లీ రాజహరా చాలు. భిలాయ్ ప్లాంటుకు ఇనుప ఖనిజం అందించే ఆ గనుల్లో 1970ల చివర్లో యంత్రాలు దించాలన్న ఆలోచన వచ్చినప్పుడు శంకర్ గుహా నియోగీ నాయకత్వంలోని కార్మిక సంఘం యంత్రాలు వద్దని ఊరుకోలేదు. ఏ పని యంత్రానికి ఇవ్వాలి, ఏది చేతులకు ఉంచాలి, ఖర్చు ఎంత పడుతుంది అన్నది ఆలోచించి, పాక్షిక యంత్రీకరణ అన్న ప్రత్యామ్నాయాన్ని ముందు పెట్టింది. చదువు అంతంతమాత్రమైన గని కూలీలు టెక్నాలజీ ఎవరి కోసం అని లెక్కలతో అడిగారు. 1991 సెప్టెంబర్ 28న నియోగీని భిలాయ్‌లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆ ప్రశ్న మాత్రం మిగిలింది. 2018లో అలాంటి ప్రశ్నతోనే గూగుల్ ఉద్యోగులు మూడు వేల మందికి పైగా సంతకాలు చేసి, డ్రోన్ చిత్రాలను విశ్లేషించే అమెరికా సైనిక ప్రాజెక్టు మావెన్ వద్దన్నారు. కంపెనీ ఆ కాంట్రాక్టును పొడిగించలేదు. 2024 ఏప్రిల్‌లో అదే కంపెనీలో, ఇజ్రాయెల్ ప్రభుత్వంతో ఉన్న క్లౌడ్ ఒప్పందానికి నిరసనగా ఆఫీసుల్లో బైఠాయించిన వ్యవహారంలో మొదట 28 మందినీ తర్వాత మరికొందరినీ తీసేశారు. గెలుపు ఖాయమని ఎవరూ చెప్పలేరు. మూడు వేల మందిని ఒకేసారి తీసేయడం మాత్రం ఏ కంపెనీకైనా కష్టం.

'నేను మానేస్తే ఇంకొకడు చేస్తాడు' అనేవాళ్ళకు భిలాయ్ ఈమధ్యే ఒక ఖరీదైన జవాబు చూసింది. మహాదేవ్ బెట్టింగ్ యాప్ కేసులో ప్రధాన నిందితులు సౌరభ్ చంద్రాకర్, రవి ఉప్పల్ ఈ ఊరివాళ్ళే. దుబాయ్ నుంచి నడిచిన ఆ వ్యాపారంలో, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఆరోపణ ప్రకారం, లాభంలో వాటా మీద ప్యానెళ్ళు అనే శాఖలను పంచారు, ఇతరుల పేర్ల మీద బ్యాంకు ఖాతాలు వాడారు. కేంద్రం 2023 నవంబర్‌లో యాప్‌ను నిషేధించింది. కేసులు ఇంకా తేలాల్సి ఉంది, నేరం ఎవరిదో కోర్టు చెబుతుంది. కానీ ప్యానెల్ ముందు కూర్చుని ఐడీలు ఇచ్చి డబ్బు జమలు చూసుకున్న కుర్రాళ్ళలో కొందరైనా, తాము చేస్తున్నది కంప్యూటర్ ఉద్యోగమే అనుకుని ఉంటారు. నెల జీతం, ల్యాప్‌టాప్, అద్దె ఫ్లాట్. పోలీసులు వచ్చినప్పుడు ముందు దొరికింది దుబాయ్‌లో ఉన్నవాళ్ళు కాదు. ఇంకొకడు చేస్తాడన్న మాట నిజమే కావచ్చు. ఆ ఇంకొకడు మన వీధి పిల్లవాడే అయినప్పుడు ఆ మాటలో ఊరట ఏముంది?

ప్లాంటు పర్మిట్‌లో చివర ఇంకో గడి ఉంటుంది. పని పూర్తయ్యాక కాగితం వెనక్కి ఇచ్చేటప్పుడు, లోపలికి వెళ్ళిన మనుషులందరూ బయటికొచ్చారని, పనిముట్లు తీసేశారని లెక్క చూసి మళ్ళీ సంతకం పెట్టాలి. ఆ తర్వాతే గ్యాస్ వదులుతారు. సమగ్ర వేదిక లాంటి వాటికి ఈ గడి పెట్టడం పెద్ద ఖర్చేం కాదు. కొట్టేసిన కార్డుల్లో ప్రతి నెలా కొన్ని తీసి, ఆ ఇళ్ళకు వెళ్ళి, యంత్రం చెప్పింది నిజమేనా అని చూసి, ఫలితాన్ని దాన్ని తయారుచేసిన ఇంజినీరుకు పంపడమే. తెలంగాణలో ఆ లెక్క చూడటానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించాక మళ్ళీ పరిశీలన మొదలైంది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ జూలై నాటికి అధికారులు చూసినవి 2,05,734. వాటిలో 15,471 కుటుంబాలు మొదటి నుంచీ అర్హులేనని తేలింది, అంటే నూటికి ఏడున్నర. కార్డు ఉన్న ఇంట్లో అప్పట్లో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం, కిలో రూపాయికి.